ఒప్పజెప్పిన మాటే నిలుస్తుంది

పోటీ పరీక్షలకు చదివినవాళ్లున్న ఇంట్లో అటక మీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. మొదటి పేజీలో పైన శ్రీకారం, దాని కింద ఎర్ర సిరాతో 'వొకాబులరీ' అని శీర్షిక. మధ్యలో గీత కొట్టి ఎడమవైపు ఇంగ్లిషు మాట, కుడివైపు తెలుగు అర్థం. 'అబేస్', 'అబాష్', 'అబేట్', 'అబ్డికేట్', 'అబెరంట్' అంటూ పది పదిహేను పేజీలు కుదురైన దస్తూరితో సాగుతాయి. 'బి' అక్షరం వచ్చేసరికి రాత గజిబిజి అవుతుంది. 'సి' ఎప్పటికీ రాదు. ఆ తర్వాత పేజీల్లో పాల లెక్కో, మిరపకాయల కోతకు వచ్చిన కూలీల లెక్కో ఉంటుంది. యర్రగొండపాలెంలో వెతికినా, త్రిపురాంతకంలో వెతికినా, గిద్దలూరులో వెతికినా దొరికేది ఈ పుస్తకమే.

బద్ధకం అని తేల్చేయడం సులువు. కానీ ఆ పుస్తకం రాసిన కుర్రాడే ఇంటర్‌లో ఆవర్తన పట్టిక మొత్తం కంఠస్థం చేశాడు. సినిమా పాటలు వందలకొద్దీ నోటికి వచ్చు. బుర్రలో లోటేమీ లేదు. ఎంచుకున్న పట్టీ తప్పు, చదివిన తీరు తప్పు. మాట మెదడులో ఎలా కుదురుకుంటుందో తెలుసుకోవడానికి దాదాపు నూట నలభై ఏళ్లుగా ప్రయోగాలు జరుగుతున్నాయి. వాటిలో తేలిన సంగతులు మన బడుల దాకా సగం సగమే వచ్చాయి.

ఈ సంగతిని యర్రగొండపాలెంలో నిలబడి మాట్లాడటానికి ఇంకో కారణం ఉంది. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం పెడుతూ 81, 85 నంబర్ల జీవోలు వచ్చినప్పుడు రాష్ట్ర విద్యాశాఖ మంత్రి ఆదిమూలపు సురేశ్. ఆయన అప్పుడు గెలిచింది ఈ నియోజకవర్గం నుంచే. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ రెండు జీవోలనూ కొట్టేసింది, వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఈలోగా బడుల్లోకి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ప్రభుత్వం పంచిన విద్యాకానుక సంచిలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వచ్చింది. బోర్డు మీద రోజుకో మాట రాసి నేర్పే 'లెర్న్ ఎ వర్డ్ ఎ డే' వచ్చింది. 2023లో టోఫెల్ పరీక్ష నడిపే అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం కుదిరి, 2024లో పిల్లలు ఆ సంస్థ పరీక్ష రాశారు కూడా. ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. ఏ మీడియం మంచిదన్న దాని మీద అసెంబ్లీలో, కోర్టులో, టీవీల్లో, టీకొట్టు దగ్గర మాట్లాడనివాళ్లు లేరు. నల్లమల అంచున బడికి వెళ్లే ఎనిమిదో తరగతి పిల్ల ఈ సోమవారం చూసిన కొత్త ఇంగ్లిషు మాటను వచ్చే దసరా దాకా ఎలా నిలుపుకోవాలన్నది మాత్రం ఎవరి నోటా రాలేదు.

ముందు, అసలు ఎన్ని మాటలు కావాలి? ఈ లెక్క వినగానే గుండె జారిపోయేలా ఉంటుంది కానీ లోపలికి వెళ్తే అంత భయపడాల్సింది లేదు. ఏ భాషలోనైనా కొద్ది మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి, మిగతా లక్షల మాటలు ఎప్పుడో ఒకసారి తొంగిచూస్తాయి. అమెరికా పండితుడు జార్జ్ జిఫ్ 1930లలో దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు: అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే మాట ఎన్నిసార్లు వస్తుందో, రెండో స్థానంలోని మాట సుమారు అందులో సగంసార్లు, మూడో స్థానంలోనిది మూడో వంతుసార్లు వస్తుంది. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో ఇంకాస్త పనికొచ్చే లెక్క వేశాడు. ఆయన మాటల్ని విడివిడిగా లెక్కపెట్టలేదు, కుటుంబాలుగా లెక్కపెట్టాడు. 'యాక్ట్', 'యాక్షన్', 'యాక్టివ్', 'యాక్టివిటీ' అన్నీ కలిపి ఒక కుటుంబం. అలా చూస్తే మొదటి వెయ్యి కుటుంబాలతోనే ఇంగ్లిషులో అచ్చయ్యే దానిలో దాదాపు 80 శాతం నడిచిపోతుంది. రెండో వెయ్యి ఇంకో 8, 9 శాతం. మూడో వెయ్యి 3 నుంచి 5 శాతం. అక్కణ్నుంచి ఒక్కో శాతానికి చాలా కష్టపడాలి. పత్రిక గానీ నవల గానీ ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని, అందుకు 8,000 నుంచి 9,000 కుటుంబాలు కావాలని ఆయన తేల్చాడు.

98 ఎందుకు, 95 చాలదా అని అడగొచ్చు. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు మీద ఇంగ్లిషు పేపర్లో ఒక వార్త వచ్చిందనుకోండి. 1996లో శంకుస్థాపన జరిగి, నల్లమల కింద రెండు సొరంగాలు తవ్వుకుంటూ ఏళ్ల తరబడి సాగిన ఆ కథ పశ్చిమ ప్రకాశంలో చిన్నపిల్లలకీ తెలుసు. అందులోని 'టన్నెల్', 'ప్రాజెక్ట్', 'డ్రాట్', 'కాంట్రాక్టర్', 'ఎకరం' అన్నీ మనవే. కానీ 'ఇనార్డినేట్ డిలే', 'అలీవియేట్', 'పర్సిస్టెంట్', 'కంటింజెంట్ అపాన్' అనే నాలుగు చోట్ల కాలు తట్టుకుంటుంది. వంద మాటల్లో ఐదు తెలియకపోతే ప్రతి ఇరవై మాటలకీ ఒక గుంట, అంటే ఇంచుమించు ప్రతి వాక్యంలో ఒకటి. రెండే తెలియకపోతే యాభై మాటలకు ఒకటి. అప్పుడు చుట్టుపక్కల వాక్యాల ఆసరాతో ఊహించుకుంటూ పోవచ్చు. పైగా ఊహకు అందని ఆ 'కంటింజెంట్ అపాన్' దగ్గరే అసలు వార్త ఉంటుంది: నీళ్లు వస్తాయి, కానీ ఫలానా పని పూర్తయితేనే.

మాటల్ని ఇలా జల్లెడ పట్టే పనికి మన ఉపఖండంతో దగ్గర సంబంధం ఉంది. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లిషాయన బ్రిటిష్ కాలంలో ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపాడు. బెంగాలీ పిల్లలకు ఏళ్ల తరబడి ఇంగ్లిషు చెప్పినా ఒక పుస్తకం సొంతంగా చదవలేకపోవడం చూసి, అరుదైన మాటలతో నిండిన వాచకాలే దానికి మూలమని పట్టుకున్నాడు. ఎక్కువగా వాడే మాటలతోనే వాచకాలు రాశాడు. 1935లో ఒక నిఘంటువు తెచ్చాడు. అందులో సుమారు 24,000 పదాలకు అర్థాలు చెప్పడానికి 1,490 మాటలే వాడాడు. 1953లో అచ్చయిన ఆయన 2,000 మాటల పట్టీ తర్వాతి తరాల వాచకాలన్నిటికీ పునాది అయింది. అర్థం చూడబోతే ఆ అర్థంలోనే ఇంకో తెలియని మాట తగిలే చికాకు మనందరికీ తెలుసు. ఇవాళ లెర్నర్స్ డిక్షనరీల్లో ఆ చికాకు అంతగా లేకపోవడం వెస్ట్ పుణ్యమే.

ఇక్కడ కాస్త ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం తెరిస్తే మూడు రకాల మాటలు కనిపిస్తాయి. 'వాటర్', 'లీఫ్', 'ఫుడ్' లాంటి రోజువారీ మాటలు ఒక రకం. 'ఫొటోసింథసిస్', 'క్లోరోఫిల్' లాంటి శాస్త్రం మాటలు రెండో రకం. మొదటివి పిల్లలకు ముందే వచ్చు. రెండో వాటికి మాస్టారు బొమ్మ గీస్తారు, పేర్లు రాయిస్తారు, పరీక్షలో వస్తుందని గీత గీయిస్తారు. ఈ రెండింటి మధ్యలో 'అజ్యూమ్', 'డిరైవ్', 'కన్సిస్ట్', 'సబ్సీక్వెంట్', 'రెస్పెక్టివ్లీ', 'ఫెసిలిటేట్', 'సిగ్నిఫికెంట్' లాంటివి ఉంటాయి. ఇవి శాస్త్రం మాటలు కావు కాబట్టి సైన్సు మాస్టారు వివరించరు. ఇంగ్లిషు వాచకంలో లేవు కాబట్టి ఇంగ్లిషు టీచరూ వివరించరు. ఇవి ఎవరి సబ్జెక్టూ కాదు. వాక్యాన్ని నడిపేవి మాత్రం ఇవే. ప్రశ్నపత్రంలో 'జస్టిఫై', 'డిఫరెన్షియేట్', 'ఇన్ఫర్' అన్న మాటల దగ్గర ఆగిపోయి, పాఠం మొత్తం వచ్చినా జవాబు రాయలేనివాళ్లు ఎందరో.

న్యూజిలాండ్‌కే చెందిన ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఈ మధ్యరకం మాటల్ని ఏరి పెట్టింది. న్యాయశాస్త్రం, వాణిజ్యం, విజ్ఞానం, మానవీయ శాస్త్రాల పుస్తకాలూ వ్యాసాలూ కలిపి 35 లక్షల పదాల రాశి నుంచి 570 కుటుంబాలు తేలాయి. ఏ శాస్త్రం పుస్తకం తీసినా సుమారు పదో వంతు ఈ 570వే. ఉన్నతస్థాయి ఇంగ్లిషు అంటే మనవాళ్లకు 'సెస్క్విపెడేలియన్' లాంటి నోరు తిరగని మాటలు గుర్తొస్తాయి. నా లెక్కలో దానికి అసలు గుమ్మం ఈ 570. అమీర్‌పేట కోచింగ్ కేంద్రాల్లో జీఆర్ఈ కోసం తరం తర్వాత తరం బట్టీపట్టిన బ్యారన్స్ వాళ్ల 3,500 మాటల పట్టీ ఆ తర్వాతి సంగతి. జీఆర్ఈ కూడా 2011 ఆగస్టులో వ్యతిరేకపదాలు, సాదృశ్యాల ప్రశ్నల్ని తీసేసి, మాట వాక్యంలో ఎలా కూర్చుంటుందో అడగడం మొదలుపెట్టింది. పాత పట్టీలు మాత్రం ఇప్పటికీ కోఠీ ఫుట్‌పాత్ మీద అమ్ముడవుతూనే ఉన్నాయి.

సరే, ఏ మాటలో తెలిసింది. వాటిని నిలుపుకోవడం ఎలా? జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన బుర్రనే ప్రయోగశాల చేసుకుని, అర్థంలేని అక్షర గుచ్ఛాలను వరసలు వరసలుగా బట్టీపట్టి, గంటకూ రోజుకూ నెలకూ ఎంత మర్చిపోతున్నాడో కొలిచాడు. 1885లో వచ్చిన ఆయన పుస్తకం ప్రకారం మరుపు ముంచుకొచ్చేది మొదటి గంటలోనే. రోజు గడిచాక అదే వరసను మళ్లీ నేర్చుకోబోతే, మొదటిసారి పడిన శ్రమలో మూడో వంతు మాత్రమే కలిసొచ్చింది. నెలయ్యాక అది ఐదో వంతు. ఒక రోజుకూ నెలకూ మధ్య పోయింది తక్కువే, మొదటి పూటలో పోయిందే ఎక్కువ. ఆదివారం రాత్రి కూర్చుని నూరు మాటలు ఏకబిగిన చదివేవాళ్లు సోమవారం పొద్దున్నకల్లా ఖాళీ అవడానికి కారణం ఇదే. తర్వాతి చూపులు కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు. కానీ నేర్చుకున్నదాని మీద మళ్లీ మొదటి చూపు ఆ పూటే పడాలి.

మెదడులో కొత్త సంగతి మొదట పట్టుబడేది హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగంలో. కణతల లోపలివైపు, చెవికి కాస్త పైన రెండువైపులా ఉంటుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గించడానికి ఆ భాగంలో చాలావరకు కోసి తీసేశారు. మూర్ఛ తగ్గింది, కొత్త జ్ఞాపకాలు ఏర్పడటం ఆగిపోయింది. అంతకుముందు నేర్చుకున్న ఇంగ్లిషు చెక్కుచెదరలేదు. ఆయన 2008 దాకా బతికాడు గానీ, ఆపరేషన్ తర్వాత ఇంగ్లిషులోకి వచ్చిన మాటలు చాలావరకు ఆయనకు అంటలేదు. పాత మాటలు ఉండే చోటు వేరు, కొత్త మాట దిగే చోటు వేరు అని దీనితో తెలిసింది. కొత్త మాట దిగిన చోటు నుంచి పాత మాటలుండే చోటికి చేరడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది. 2007లో బ్రిటన్‌లో ద్యుమే, గాస్కెల్ అనే ఇద్దరు కల్పిత మాటలు కొన్ని నేర్పి చూశారు. సాయంత్రం నేర్చుకుని నిద్రపోయినవాళ్ల మెదడులో పన్నెండు గంటల తర్వాత ఆ మాటలు పాత మాటలతో పోటీపడుతూ కనిపించాయి. పొద్దున నేర్చుకుని పన్నెండు గంటలు మెలకువగా ఉన్నవాళ్లలో అప్పటికి ఆ గుర్తే లేదు, ఆ రాత్రి నిద్రయ్యాకే కనిపించింది. పరీక్ష ముందురోజు రాత్రంతా మేలుకుని చదివే పిల్లలు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

ఇప్పుడు అసలు ప్రయోగం. 2008లో జెఫ్రీ కార్పికే, హెన్రీ రోడిగర్ అమెరికా కాలేజీ విద్యార్థులకు స్వాహిలి భాషలోని 40 మాటలు, వాటి ఇంగ్లిషు అర్థాలతో నేర్పారు. ఒక గుంపువాళ్లు ఒక మాట ఒకసారి సరిగా చెప్పగానే దాన్ని చదవడం మానేశారు, కానీ పరీక్షలో మాత్రం మళ్లీ మళ్లీ చెప్పారు. ఇంకో గుంపు దీనికి తిరగవేత: ఒకసారి సరిగా చెప్పిన మాటను మళ్లీ అడగలేదు, మళ్లీ మళ్లీ చదివించారు. నేర్చుకోవడం ముగిసేసరికి అందరూ సమానమే. వారం తర్వాత పిలిచి అడిగితే మొదటి గుంపు 80 శాతం దాకా చెప్పింది, రెండో గుంపు 36 శాతం దగ్గర ఆగింది. ముందుగా మీకెన్ని గుర్తుంటాయని అడిగినప్పుడు అన్ని గుంపులవాళ్లూ ఇంచుమించు సగం అన్నారు. అంటే ఏ పద్ధతి తమకు మేలు చేస్తోందో వాళ్లకే తెలియదు. మళ్లీ మళ్లీ చదివితే కళ్లకు అలవాటవుతుంది, ఆ అలవాటును మనం రావడం అనుకుంటాం. నోటుపుస్తకంలో 'అబేట్' పక్కనే 'తగ్గు' అని కనిపిస్తుంటే ఎవరికి రాదు?

దీనికి మన దగ్గర ఎప్పటినుంచో పేరుంది: ఒప్పజెప్పడం. పుస్తకం పంతులుగారి చేతిలో పెట్టి, చేతులు కట్టుకుని, లోపలున్నది బయటికి తీసి చూపడం. వీధిబడిలో అమరకోశం అలాగే వచ్చేది. సంస్కృత పర్యాయపదాలను శ్లోకాల్లో కూర్చిన ఆ నిఘంటువును పిల్లలు రోజుకు కొంత చొప్పున ఒప్పజెప్పేవారు. తెలుగు మాటలకూ అలాంటివి ఉన్నాయి: పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం, ఆడిదము సూరకవి ఆంధ్రనామ శేషం. ఇవన్నీ పదసంపద పెంచే పుస్తకాలే. బట్టీ అని మనం ఈసడించుకున్న చదువులో ప్రయోగశాల మెచ్చుకునే మేలు ఒకటి దాగి ఉంది. బట్టీలోని చెడుగు అర్థం లేకపోవడం, ఒప్పజెప్పడం కాదు. రెండింటినీ కలిపి పారేశాం.

అయితే అమరకోశం పద్ధతిని ఇంగ్లిషుకు ఉన్నదున్నట్టు దించితే దెబ్బ తింటాం. అర్థంలో దగ్గరగా ఉండే కొత్త మాటల్ని ఒకేసారి నేర్చుకుంటే అవి ఒకదాన్నొకటి గందరగోళపెడతాయని థామస్ టింకమ్ 1990లలో చేసిన ప్రయోగాల్లో తేలింది. కొత్త మాటలకు ఒకదానితో ఒకటి సంబంధం లేని అర్థాలు ఉన్నప్పుడే ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు త్వరగా నేర్చుకున్నారు. 'ఫ్రూగల్', 'థ్రిఫ్టీ', 'పార్సిమోనియస్', 'మైజర్లీ' అని నాలుగు పొదుపు మాటలు ఒకే రోజు రాయించే గైడ్లను చూస్తే నాకు అందుకే దిగులు. ఏది పొగడ్తో ఏది తిట్టో వారం తర్వాత తేలదు. అమరకోశం చదివిన పిల్లవాడికి ఛందస్సు తోడుండేది, ఆ తర్వాత కావ్యం చేతికొచ్చేది, ఒక్కో పర్యాయపదం ఏ సందర్భంలో వాడతారో అక్కడ తెలిసేది. మన గైడుకు ఆ రెండో మెట్టు లేదు.

మాట నిలవడానికి చెవి కూడా కావాలి. పక్షవాతం వచ్చిన ఒక ఇటలీ మహిళ కథ మనస్తత్వశాస్త్రంలో ప్రసిద్ధం. ఆమె తెలివికి ఏ లోటూ లేదు, కానీ చెవితో విన్నదాన్ని కొన్ని క్షణాలు పట్టి ఉంచే శక్తి పోయింది. రెండు మూడు అంకెలు దాటితే తిరిగి చెప్పలేదు. 1988లో అలన్ బాడ్లీ బృందం ఆమెకు రష్యన్ మాటలు చెప్పి నేర్పబోయింది. ఒక్కటీ రాలేదు. తెలిసిన ఇటాలియన్ మాటల జతలను మాత్రం అందరిలాగే నేర్చుకుంది. అంటే కొత్త శబ్దాన్ని లోపల ఒకటి రెండుసార్లు పలుక్కోగలిగితేనే అది మెదడులో దిగుతుంది. రాసినట్టే పలికే లిపికి అలవాటుపడ్డ తెలుగు పిల్లలు 'సటిల్' అన్న మాటను 'బి' కలిపి, 'డెట్'ను కూడా 'బి' కలిపి చదువుకుని, వినబడినప్పుడు గుర్తుపట్టరు. నిఘంటువులో అర్థం ఒక్కటే చూసి మూసేయకుండా, ఫోన్‌లో ఉచ్చారణ విని పైకి అనాలి. బస్సులో అందరి ముందూ అనడానికి సిగ్గైతే పెదాలు కదిపినా సరే.

అమెరికాలో తెలుగువాళ్ల పిల్లలు ఈ పనిలో ఎంత దూరం వెళ్లారో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీలో 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2024లో బృహత్ సోమ గెలిచారు. బృహత్ ఆఖరి స్పెల్-ఆఫ్‌లో 90 సెకన్లలో 29 మాటలు సరిగా చెప్పాడు. ఈ గెలుపుల వెనక తెలుగువాడు రత్నం చిట్టూరి 1989లో పెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ నడిపే పోటీల పాత్ర పెద్దది. స్పెల్లింగ్‌తో పాటు పదసంపదకూ వేరే పోటీ అక్కడ ఉంది. స్క్రిప్స్ జాతీయ పోటీకి చేరిన పిల్లల సాధన తీరును ఏంజెలా డక్‌వర్త్ బృందం పరిశీలించి 2011లో ప్రకటించింది. సరదాగా పుస్తకాలు చదవడం కన్నా, ఇంకొకరు ప్రశ్నలడుగుతుంటే చెప్పడం కన్నా, ఒంటరిగా కూర్చుని రాని మాటల మీద కుస్తీ పట్టినవాళ్లే ఎక్కువ దూరం వెళ్లారు. ఆ సాధనే అన్నిటికన్నా తక్కువ ఇష్టమని చెప్పింది కూడా వాళ్లే. ఇందులో మనం తీసుకోవాల్సింది ఆ కుస్తీని. 'గెటపాన్', 'క్నైడల్' లాంటి వాళ్ల మాటల్ని కాదు.

ఇప్పుడు ఒక మాటను దగ్గరగా చూద్దాం. సాంఘికశాస్త్రం ద్విభాషా పుస్తకంలో భూగర్భజలాల పాఠం. ఇంగ్లిషు పేజీలో 'డిప్లీట్' కనిపించింది. ఎదురు పేజీలో తెలుగు: అడుగంటడం. బోరు వెయ్యి అడుగులు దింపినా నీళ్లు పడని పొలాలు తెలిసిన పిల్లకు ఆ అర్థం వివరించక్కర్లేదు, కొత్తది శబ్దం ఒక్కటే. ఒక పేపరు చీటీ తీసుకుని ముందువైపు 'డిప్లీట్' అని రాసి, కింద పుస్తకంలోని వాక్యం మొత్తం రాస్తుంది, ఆ మాట ఉన్నచోట మాత్రం ఖాళీ. వెనకవైపు తెలుగు. ఇంగ్లిషుకు ఇంగ్లిషులోనే అర్థం రాయాలని పట్టుబట్టే టీచర్లున్నారు. ఇజ్రాయెల్‌లో బాతియా లాఫర్, కరీన్ ష్మూయెలీ 1997లో హిబ్రూ మాట్లాడే పిల్లలతో చేసిన ప్రయోగంలో, మాతృభాషలో అర్థం ఇచ్చిన మాటలే ఎక్కువ నిలిచాయి. కాబట్టి తెలుగు రాయడానికి మొహమాటం అక్కర్లేదు.

ఆ చీటీ మొదటి డబ్బాలో పడుతుంది. రాత్రి పడుకునే ముందు ముందువైపు చూసి వెనకవైపు ఏముందో చెప్పాలి. వస్తే రెండో డబ్బాకు పోతుంది, దాన్ని మూడు రోజుల తర్వాతే తీయాలి. అప్పుడూ వస్తే మూడో డబ్బా, వారం తర్వాత. ఆపైన నెల. ఎక్కడైనా తప్పితే మళ్లీ మొదటి డబ్బాకే. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన ఏర్పాటు ఇది. 2006లో వచ్చిన 'ఆంకి' లాంటి యాప్‌లు ఇదే పనిని లెక్కగట్టి చేస్తాయి. సిగ్నల్ అందని చెంచు గూడెంలో అగ్గిపెట్టెలు నాలుగు చాలు. తడికీ తడికీ మధ్య ఎడం ఇస్తేనే మిరప వేరు కిందికి పాకినట్టు, మరుపు అంచుకు చేరిన మాటను లాగితేనే అది లోతుకు దిగుతుంది. రెండో పూట చీటీని తిరగేసి, తెలుగు చూసి ఇంగ్లిషు చెప్పాలి. చదివితే అర్థమవడం ఒక స్థాయి, అవసరానికి నోట్లోంచి రావడం దానికి పైస్థాయి. ఆ రెండోది ఈ తిరగేతతోనే వస్తుంది. మార్కాపురం పలకల మీద డిక్టేషన్ రాసి, చెరిపి, మళ్లీ రాసిన పెద్దవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఎన్నిసార్లు చూసినా అంటని మొండి మాటలు కొన్ని ఉంటాయి. వాటికి 1975లో రిచర్డ్ అట్కిన్సన్, మైకేల్ రా పరీక్షించిన కిటుకు ఉంది: కొత్త మాట శబ్దానికి దగ్గరగా ఉండే సొంతభాష మాట ఒకటి పట్టుకుని, దాంతో ఒక బొమ్మ ఊహించుకోవడం. 120 రష్యన్ మాటలు ఇలా నేర్చుకున్నవాళ్లకు 72 శాతం, మామూలుగా నేర్చుకున్నవాళ్లకు 46 శాతం వచ్చాయి. 'మెండేషస్' అంటే అబద్ధాలకోరు. అబద్ధాలు 'మెండు'గా ఉన్నవాడు అనుకుంటే ఇక పోదు. 'గల్లిబుల్' అంటే ఎవరేం చెప్పినా నమ్మేసేవాడు. 'గల్లీ'లో ప్రతి ఒక్కడి మాటా నమ్మి తిరిగే మనిషి. ఈ కిటుకు మొండి మాటలకే ఉంచుకోవాలి. ప్రతి మాటకూ కథ అల్లుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

మరి చదవడం? కథల పుస్తకాలు చదువుకుంటూ పోతే మాటలు వాటంతటవే వస్తాయని పెద్దలు చెబుతారు. సగం నిజమే. జపాన్‌లో రాబ్ వేరింగ్, మిసాకో తకాకి 2003లో ఒక చిన్న ఇంగ్లిషు పుస్తకంలో 25 కొత్త మాటలు పెట్టి చదివించారు. వెంటనే అడిగితే సగటున ఐదింటికి లోపే అర్థం చెప్పారు. మూడు నెలల తర్వాత మిగిలింది దాదాపు ఒక్కటి. చదువు కొత్త మాటను నాటడంలో అంత గట్టిది కాదు. కానీ చీటీల్లో ఒకసారి నాటిన మాట ఎవరెవరితో కలిసి తిరుగుతుందో చెప్పేది చదువొక్కటే. వానకు 'హెవీ', గాలికి 'స్ట్రాంగ్', టీకి కూడా 'స్ట్రాంగ్'. 'డిస్కస్' పక్కన 'అబౌట్' ఉండదు, 'డిస్కషన్' పక్కన ఉంటుంది. ఇలాంటివి చీటీ మీద పట్టవు.

చివరికి లెక్క. బడి ఏడాదికి సుమారు 220 రోజులు నడుస్తుంది. రోజుకో మాట చొప్పున బోర్డు మీద రాస్తే ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా, ఒక్కటీ మర్చిపోకపోయినా, 2,200. అంటే వెస్ట్ పట్టీ దాటి రెండడుగులు. ఆరో తరగతిలో మొదటి రెండువేలు వచ్చిన పిల్ల రోజుకు నాలుగు చీటీలు రాసుకుంటే ఇంటర్ రెండో ఏడాది ముగిసేసరికి ఏడేళ్లకు 6,160. రెండూ కలిపితే పాల్ నేషన్ చెప్పిన ఎనిమిది వేలకు చేరినట్టే. కాక్స్‌హెడ్ 570 ముందు పెట్టుకుంటే అవి మొదటి ఏడాదిలోనే, సంక్రాంతి సెలవులకల్లా, పూర్తవుతాయి. నాలుగు చీటీలు రాయడానికి పది నిమిషాలు, పాతవి ఒప్పజెప్పడానికి ఇంకో పావుగంట. పుస్తకం పట్టుకుని వినడానికి ఇంట్లో ఇంగ్లిషు వచ్చినవాళ్లు ఉండక్కర్లేదు. వెనకవైపు ఉన్నది తెలుగే కాబట్టి నానమ్మ కూడా సరిచూడగలదు.